వాలెట్టా నగర సందర్శనం

నిర్వచనం, పరిధి

మధ్యధరా సముద్రం నడుమ, సిసిలీ ద్వీపానికి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న మాల్టా దేశానికి వాలెట్టా రాజధాని. సెయింట్ జాన్ నైట్లు అనే క్రైస్తవ సైనిక సంఘం 16వ శతాబ్దంలో, అంతకుముందు ఊరన్నది లేని రాతి కొండ మీద, ఒకే ప్రణాళిక ప్రకారం కట్టించిన కోట నగరం ఇది. పాత నగరాలు సాధారణంగా కోట చుట్టూ క్రమంగా పెరుగుతాయి. ఇక్కడ కోటగోడ, వీధి, నీటి తొట్టి అన్నీ ఒకే నమూనాలో భాగాలుగా వెలిశాయి. నగరంలోని చర్చిలు, ప్రాసాదాలు, ఉద్యానాలను విడివిడిగా చూసినా వాటిని కలిపే సూత్రం రక్షణ అవసరమే. కోటగోడల లోపలి నగరంతోపాటు, దానికి ముడిపడిన రేవును, సమీప స్థలాలను కూడా ఈ వ్యాసం పరిచయం చేస్తుంది.

భౌగోళిక స్థితి

నగరం షిబెరస్ అనే సన్నని ద్వీపకల్పం మీద ఉంది. దానికి ఆగ్నేయంగా గ్రాండ్ హార్బర్, వాయవ్యంగా మార్సంషెట్ అనే రెండు సహజమైన లోతు రేవులు ఉన్నాయి. మూడు వైపులా సముద్రమే కనుక భూమి మీదుగా నగరంలోకి రాగలిగేది నైరుతి దిక్కు నుంచి మాత్రమే. కొండ నడుమ ఎత్తుగా ఉండి రెండు రేవుల వైపూ వాలుతుంది. అందువల్ల ప్రధాన వీధి చాలా దూరం దాదాపు చదునుగా సాగుతుండగా, దానికి అడ్డంగా పోయే వీధులు నిటారుగా దిగి, అనేక చోట్ల మెట్ల దారులవుతాయి. యునెస్కో లెక్క ప్రకారం కేవలం 55 హెక్టార్ల విస్తీర్ణంలో ఇక్కడ 320 చారిత్రక కట్టడాలు ఉన్నాయి.

చరిత్ర

సెయింట్ జాన్ సంఘం మొదట జెరూసలేములో యాత్రికుల ఆసుపత్రి నడపడానికి ఏర్పడి, క్రూసేడుల కాలంలో సైనిక సంఘంగా మారింది. దాని అధిపతిని గ్రాండ్ మాస్టర్ అంటారు. ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ 1522లో సంఘం స్థావరమైన రోడ్స్ ద్వీపాన్ని ముట్టడించి గెలవడంతో సంఘం నిలువనీడ కోల్పోగా, 1530లో చక్రవర్తి ఐదవ చార్లెస్ మాల్టా ద్వీపాలను దానికి ఇచ్చాడు. అందుకు ఏటా చెల్లించవలసిన కప్పం ఒక డేగ. నైట్లు అప్పటి రాజధాని మ్‌దీనాను కాదని గ్రాండ్ హార్బర్ ఒడ్డున ఉన్న బిర్గు పట్టణంలో స్థిరపడ్డారు. వారి బలం ఓడల మీద ఆధారపడినది కావడమే ఇందుకు కారణం.

1565 మే నెలలో ఒట్టోమన్ సైన్యం మాల్టా మీద దిగింది. బిర్గుకు ఎదురుగా ఉన్న షిబెరస్ కొండ కొనలోని సెయింట్ ఎల్మో కోటను అది ముందుగా ముట్టడించింది. కొద్ది రోజుల్లో లొంగిపోతుందనుకున్న ఆ చిన్న కోట జూన్ 23 వరకు నిలిచి, శత్రువు కాలాన్ని, మందుగుండును, పేరొందిన నౌకాదళ నాయకుడు తుర్గుత్ రేయిస్ ప్రాణాన్ని హరించింది. సిసిలీ నుంచి సహాయక సైన్యం రావడంతో సెప్టెంబరులో ముట్టడి ముగిసింది. సెప్టెంబరు 8 నేటికీ మాల్టాలో జాతీయ సెలవుదినం. షిబెరస్ కొండ శత్రువు చేతిలో ఉంటే రెండు రేవులూ అతని ఫిరంగుల కిందికి వస్తాయని ఆ యుద్ధం నేర్పింది. అందుకే గ్రాండ్ మాస్టర్ జాఁ పారిజో ద వాలెట్ 1566 మార్చి 28న ఆ కొండ మీదనే కొత్త నగరానికి పునాది రాయి వేశాడు. నగరం ఆయన పేరునే ధరించింది గానీ, 1568లో మరణించిన వాలెట్ దాని నిర్మాణం పూర్తి కావడం చూడలేదు. 1571లో గ్రాండ్ మాస్టర్ పియెత్రో దెల్ మొంతే సంఘ కార్యస్థానాన్ని బిర్గు నుంచి ఇక్కడికి మార్చాడు.

నైట్ల పాలన 1798 జూన్‌లో నెపోలియన్ రాకతో దాదాపు పోరాటం లేకుండానే ముగిసింది. ఫ్రెంచి వారు చర్చిల ఆస్తిని స్వాధీనం చేసుకోవడంతో ప్రజలు తిరగబడి, బ్రిటిష్ నౌకాదళం తోడ్పాటుతో వారిని వాలెట్టాలో దిగ్బంధించగా, 1800 సెప్టెంబరులో ఫ్రెంచి దళం లొంగిపోయింది. ఆ తరువాత నగరం బ్రిటిష్ మధ్యధరా నౌకాదళానికి స్థావరమైంది. ఈ దశలో భారతదేశంతోనూ దీనికి సంబంధం ఏర్పడింది. రష్యా–టర్కీ సంక్షోభం వేళ 1878లో బ్రిటిష్ ప్రధాని డిజ్రేలీ ప్రభుత్వం భారతదేశం నుంచి సుమారు 7 వేల మంది సైనికులను మాల్టాకు రప్పించింది. తెలుగు జిల్లాలు కూడా అంతర్భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన సాపర్లు, అంటే సైనిక ఇంజనీరింగ్ దళం వారు, అందులో ఉన్నారు. 19వ శతాబ్దం చివర సింధీ వర్తకులు వచ్చి ఇక్కడ పట్టు, వస్త్ర దుకాణాలు తెరిచారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్, ఇటాలియన్ విమానాల దాడులకు నగరం తీవ్రంగా దెబ్బతిన్నది. 1942 ఏప్రిల్ 15న బ్రిటిష్ రాజు ఆరవ జార్జ్ మాల్టా ప్రజలందరికీ కలిపి జార్జ్ క్రాస్ పతకాన్ని ప్రకటించాడు. దేశ పతాకంపై నేటికీ ఆ గుర్తు ఉంది. మాల్టా 1964 సెప్టెంబరు 21న స్వతంత్రమైంది, 1974 డిసెంబరు 13న గణతంత్రమైంది. 1980లో యునెస్కో వాలెట్టాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నగర ప్రణాళిక, నిర్మాణ పద్ధతి

నగరానికి నమూనా గీసినవాడు ఇటలీలోని కొర్తోనా పట్టణానికి చెందిన సైనిక ఇంజనీరు ఫ్రాంచెస్కో లాపరెల్లి. పోప్ ఆయనను మాల్టాకు పంపాడు. లాపరెల్లి వెళ్లిపోయాక ఆయన సహాయకుడైన మాల్టా వాస్తుశిల్పి జిరోలామో కసార్ పనిని కొనసాగించి, ప్రధాన చర్చినీ, నైట్ల భవనాలనూ రూపొందించాడు. బయట నిరాడంబరంగా, మూలల్లో బరువైన చెక్కుడు రాళ్లతో కోటలా కనిపించే వాలెట్టా భవన శైలి కసార్ చేతి చలువే.

వీధులు ఒకదానికొకటి లంబంగా, గళ్ల పద్ధతిలో ఉంటాయి. యూరప్‌లో మధ్యయుగపు ఇరుకు సందులు వదిలి ఈ పద్ధతిలో పూర్తిగా కొత్తగా కట్టిన తొలి నగరాలలో ఇదొకటి. నిలువు వీధుల వెంట సైన్యం ఒక కొస నుంచి మరో కొసకు త్వరగా చేరగలదు, అడ్డ వీధుల గుండా రెండు రేవుల గాలి నగరంలోకి వీస్తుంది. కొండను చదును చేసి కట్టాలన్నది తొలి ఆలోచన. మరో దాడి జరుగుతుందన్న భయం, డబ్బు కొరత వల్ల ఆ పని మధ్యలోనే ఆగింది. నేడు సందర్శకుల మోకాళ్లను పరీక్షించే మెట్ల వీధులు ఆ తొందరపాటు ఫలితమే.

ఇళ్ల నిర్మాణానికి కఠినమైన నియమాలు విధించారు. ఇంటింటా వాననీటి తొట్టి తొలవాలి. మురుగు భూగర్భ కాలువలో కలవాలి. ఇంటి ముందు తోట వదలకూడదు. వీధి మూలలో ఉన్న ఇంటి యజమాని ఆ మూలను శిల్పంతో అలంకరించాలి. చివరి నియమం ఫలితంగానే కూడళ్లలో గూళ్లలో నిలిచిన సాధువుల విగ్రహాలు నేటికీ కనిపిస్తాయి. నదులు లేని ఈ ద్వీపంలో ముట్టడి ఎదురైతే వాననీటి తొట్లే ప్రాణాధారం కనుక, తొట్టి నియమాన్ని కూడా రక్షణ ఏర్పాటుగానే పరిగణించాలి.

కట్టడపు రాయి గ్లోబిజెరీనా సున్నపురాయి. సూక్ష్మ సముద్రజీవుల గుల్లలతో ఏర్పడిన ఈ లేత పసుపు రాయి గనిలో మెత్తగా ఉండి రంపానికి తేలికగా లొంగుతుంది, గాలి తగిలాక పైపొర గట్టిపడుతుంది. అయితే ఉప్పు గాలికి క్రమంగా అరిగిపోతుంది. సముద్రం వైపు గోడలను దగ్గరగా చూస్తే రాళ్ల నడుమ సున్నం గట్టు అలాగే నిలిచి, రాయి మాత్రం తేనెపట్టులా గుంటలు పడి ఉండటం గమనించవచ్చు. ముఖభాగాల మీద ముందుకు పొడుచుకు వచ్చి, అద్దాల తలుపులతో మూసి, ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులు వేసిన చెక్క బాల్కనీలను 'గల్లరియా' అంటారు. ఇవి ప్రధానంగా 18వ శతాబ్దం నుంచి వ్యాపించాయి.

సందర్శన స్థలాలు

కోటగోడలు, బురుజులు

భూమి వైపున రేవు నుంచి రేవు దాకా రాతిని తొలిచి లోతైన కందకం తీశారు. దాని లోపలి అంచున కోణాకారపు బురుజులు, వాటి వెనుక 'కవలియర్లు' ఉన్నాయి. కవలియర్ అంటే గోడకంటె ఎత్తుగా కట్టి, దూరానికి కాల్పులు జరపడానికి వీలు కల్పించిన ఫిరంగి వేదిక. తొమ్మిది కవలియర్లు ప్రతిపాదించినా రెండే పూర్తయ్యాయి: సెయింట్ జేమ్స్ కవలియర్ నేడు కళాకేంద్రం, సెయింట్ జాన్ కవలియర్ నైట్ల సంఘపు రాయబార కార్యాలయం. ద్వీపకల్పం కొసన 1552లో మొదట కట్టిన సెయింట్ ఎల్మో కోటలో జాతీయ యుద్ధ మ్యూజియం ఉంది (చూ. యుద్ధకాలపు స్థలాలు).

సెయింట్ జాన్ సహ-కేథడ్రల్

వాలెట్టాలో ఒక్క కట్టడాన్నే చూసే వీలుంటే చూడవలసినది ఇదే. బిషప్ పీఠం ఉండే చర్చిని కేథడ్రల్ అంటారు. మాల్టా బిషప్ పీఠం మ్‌దీనాలో ఉండగా, 1816లో పోప్ ఏడవ పయస్ ఈ చర్చికి దానితో సమాన హోదా ఇవ్వడంతో ఇది సహ-కేథడ్రల్ అయింది. గ్రాండ్ మాస్టర్ జాఁ ద లా కసియేర్ ఖర్చుతో 1570 దశకంలో కసార్ కట్టిన ఈ చర్చి ముఖభాగం రెండు గోపురాల మధ్య బోసిగా, సైనిక భవనంలా ఉంటుంది.

లోపలి అలంకరణ ప్రధానంగా 17వ శతాబ్దపు బరోక్ శైలిది. అంటే వంపులు, బంగారు పూత, వెలుగు నీడల తీవ్రమైన భేదం ప్రధానంగా గల శైలి. కలబ్రియా చిత్రకారుడు మత్తియా ప్రేతి 1661–1666 మధ్య కప్పు కమానును సెయింట్ జాన్ జీవిత ఘట్టాలతో నింపాడు. తడి సున్నం మీద కాక నేరుగా రాతి మీదనే తైలవర్ణాలు వేశాడు. గోడల మీది పూలతీగల నగిషీ అతికించినది కాదు, కట్టిన రాతిలోనే చెక్కి బంగారు పూత పూసినది. నేలంతా నైట్ల సమాధి ఫలకాలే. రంగుల పాలరాళ్లు పొదిగి కూర్చిన ఆ సుమారు 400 ఫలకాల మీద వంశచిహ్నాలు, ఓడలు, ఫిరంగులు, కొడవలి పట్టిన అస్థిపంజరాలు కనిపిస్తాయి. సన్నని మడమల చెప్పులతో ఈ నేల మీద నడవనివ్వరు.

పక్క గదులు సంఘంలోని భాషా శాఖలకు కేటాయించినవి. నైట్లను పుట్టిన ప్రాంతాన్ని బట్టి ప్రోవెన్స్, ఓవెర్న్, ఫ్రాన్స్, ఇటలీ, అరగాన్, కాస్తీల్, జర్మనీ, ఇంగ్లండు అనే ఎనిమిది శాఖలుగా విభజించేవారు. ఇంగ్లండు శాఖ ఎనిమిదవ హెన్రీ కాలంలో రద్దయి, 1784లో ఆంగ్లో-బవేరియన్ శాఖగా మళ్లీ ఏర్పడింది. ఒక్కో శాఖ తన గదిని మిగతావాటికంటె మిన్నగా అలంకరించాలని పోటీ పడింది.

చర్చికి ఆనుకున్న ప్రార్థన మందిరంలో కరవాజ్జో గీసిన 'సెయింట్ జాన్ శిరచ్ఛేదం' (1608) ఉంది. రోమ్‌లో ఒకరిని చంపి పారిపోయిన ఈ చిత్రకారుడు 1607లో మాల్టా చేరి, మరుసటి ఏడాది జూలైలో నైటు హోదా పొందాడు. సుమారు 3.6 మీటర్ల ఎత్తు, 5.2 మీటర్ల వెడల్పు గల ఈ చిత్రం ఆయన కృతుల్లో అతి పెద్దది, ఆయన సంతకం ఉన్నది ఇదొక్కటే. సాధువు మెడ నుంచి కారిన రక్తంలోనే చిత్రకారుడు తన పేరు రాశాడు. దృశ్యమంతా ఒక పక్కకు ఒదిగి, మిగిలిన సగం దాదాపు ఖాళీ గోడగా ఉంటుంది. నాలుగు నెలలు తిరగకముందే ఒక కొట్లాటలో జైలు పాలై తప్పించుకుపోయిన కరవాజ్జోను 1608 డిసెంబరు 1న ఈ చిత్రం ఎదుటే, ఇదే మందిరంలో, సంఘం నుంచి వెలివేశారు. ఆయన గీసిన 'రాస్తున్న సెయింట్ జెరోమ్' కూడా ఇక్కడే ఉంది.

ప్రాసాదాలు, ఒబెర్జ్‌లు

ఒక్కో భాషా శాఖ నైట్లు కలిసి నివసించి భోజనం చేసే భవనాన్ని 'ఒబెర్జ్' అనేవారు. మొదట కట్టిన ఏడింటిలో నాలుగు మిగిలాయి. ఎత్తైన చోట ఉన్న కాస్తీల్ ఒబెర్జ్ 1740 దశకంలో గ్రాండ్ మాస్టర్ పింటో హయాంలో కొత్త రూపు దాల్చి, నేడు ప్రధానమంత్రి కార్యాలయంగా ఉంది. ప్రోవెన్స్ ఒబెర్జ్ జాతీయ పురావస్తు మ్యూజియం, ఇటలీ ఒబెర్జ్ 'ముజా' అనే కళా మ్యూజియం. జర్మనీ ఒబెర్జ్‌ను 1839లో పడగొట్టి ఆంగ్లికన్ చర్చి కట్టారు. ఫ్రాన్స్, ఓవెర్న్ ఒబెర్జ్‌లు బాంబులకు కూలిపోయాయి.

గ్రాండ్ మాస్టర్ ప్రాసాదం రెండు ప్రాంగణాల చుట్టూ కట్టిన విశాల భవనం. 1565 ముట్టడి ఘట్టాలను మత్తేయో పెరెజ్ ద అలేచ్చో గోడల మీద చిత్రించాడు. సంఘం వారి ఆయుధాలు, కవచాలు ఇక్కడి ఆయుధశాలలో ఉన్నాయి. 2015 వరకు పార్లమెంటు ఈ భవనంలోనే సమావేశమైంది.

ఆసుపత్రి, గ్రంథాలయం, నాటకశాల

సంఘం మూల ధర్మం రోగుల సేవ కనుక 1574లో మొదలైన ఆసుపత్రి 'సాక్రా ఇన్‌ఫెర్మెరియా'కు నగరంలో ప్రత్యేక స్థానం ఉండేది. దాని ప్రధాన వార్డు పొడవు 155 మీటర్లు. రోగులకు వెండి పాత్రల్లో ఆహారం వడ్డించేవారు. భవనం నేడు సమావేశ కేంద్రం. 18వ శతాబ్దం చివర స్తెఫానో ఇత్తార్ నిర్మించిన జాతీయ గ్రంథాలయంలో సంఘం దస్తావేజులు భద్రంగా ఉన్నాయి. గ్రాండ్ మాస్టర్ మనోయెల్ ద విలేన 1731లో కట్టించిన మనోయెల్ నాటకశాల 1732 జనవరిలో మొదలై ఇప్పటికీ ప్రదర్శనలు ఇస్తోంది. యూరప్‌లో వాడుకలో ఉన్న అతి పాత నాటకశాలలలో ఇదొకటి.

ఉద్యానాలు, రేవు దృశ్యం

ఎగువ బరక్కా ఉద్యానం మొదట ఇటలీ నైట్ల విశ్రాంతి స్థలం. ఇక్కడి కమానుల వరుస 1661 నాటిది. గ్రాండ్ హార్బర్‌ను, అవతలి ఒడ్డున ఉన్న బిర్గు, సెంగ్లియా, బోర్మ్లా అనే 'మూడు నగరాల'ను ఒకే చూపులో చూడగల చోటు ఇది. కింది అంతస్తులోని వందన ఫిరంగుల వరుస నుంచి రోజూ మధ్యాహ్నం 12 గంటలకు, సాయంత్రం 4 గంటలకు ఒక ఫిరంగి పేలుస్తారు. రేవులోని ఓడల వారు తమ గడియారాలను సరిచూసుకోవడానికి మధ్యాహ్నపు ఫిరంగి పనికివచ్చేది. ఉద్యానం నుంచి 58 మీటర్ల లిఫ్టు రేవు ఒడ్డుకు దింపుతుంది. దిగువ బరక్కా ఉద్యానం చిన్నది, రద్దీ తక్కువ. దాని పక్కనే 1992లో నెలకొల్పిన ముట్టడి స్మారక గంట ఉంది.

యుద్ధకాలపు స్థలాలు

ఎగువ బరక్కా కింద రాతిలో తొలిచిన లాస్కారిస్ యుద్ధ గదుల నుంచి మిత్రరాజ్యాలు 1943లో సిసిలీ దండయాత్రను నడిపాయి. సెయింట్ ఎల్మోలోని మ్యూజియంలో జార్జ్ క్రాస్ పతకం, ద్వీప రక్షణలో పాల్గొన్న 'ఫెయిత్' అనే గ్లాడియేటర్ విమానం ఉన్నాయి.

ఆధునిక నిర్మాణాలు

నగర ద్వారం ఇప్పటికి ఐదు మారులు కట్టినది. ప్రస్తుతమున్న ద్వారాన్ని, దాని వెనుకనున్న పార్లమెంటు భవనాన్ని ఇటాలియన్ వాస్తుశిల్పి రెంజో పియానో రూపొందించాడు. 2015లో పార్లమెంటు ఇక్కడికి మారింది. పక్కనే 1866లో తెరిచిన రాయల్ ఒపేరా హౌస్ 1942 ఏప్రిల్‌లో బాంబులకు కూలగా, పియానో దాని శిథిలాలను అలాగే ఉంచి, పైకప్పు లేని రంగస్థలంగా మార్చాడు. పాత ఒపేరా హౌస్‌ను యథాతథంగా పునర్నిర్మించాలని కోరిన వారు దీనిని తీవ్రంగా వ్యతిరేకించారు. శిథిలాన్ని శిథిలంగా గౌరవించడమే నిజాయతీ అని మరికొందరు సమర్థించారు.

వీధులు, పండుగలు, ఆహారం

నగర ద్వారం నుంచి సెయింట్ ఎల్మో వరకు సాగే రిపబ్లిక్ వీధి ప్రధాన వాణిజ్య వీధి. దానికి సమాంతరంగా ఉన్న స్ట్రెయిట్ వీధి చాలా ఇరుకు. నైట్ల కాలంలో ద్వంద్వ యుద్ధాలకు, బ్రిటిష్ కాలంలో నావికుల మద్యశాలలకు పేరుపొందింది. ఫిబ్రవరి 10న సెయింట్ పాల్ ఓడ మాల్టా తీరంలో బద్దలైన సందర్భాన్ని స్మరించే ఉత్సవం జరుగుతుంది. లెంట్ ఉపవాసాలకు ముందు కార్నివాల్ వస్తుంది.

రికోట్టా జున్ను లేదా బఠాణీ ముద్ద కూరి పొరలు పొరలుగా కాల్చిన 'పస్తిజ్జి', చదునైన పుల్లపిండి రొట్టె 'ఫ్తీరా' వీధి ఆహారాలు. ఫ్తీరా తయారీని యునెస్కో 2020లో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. కుందేలు మాంసం కూర దేశీయ వంటకంగా ప్రసిద్ధం. శాకాహారులు పస్తిజ్జి కొనేటప్పుడు బఠాణీదా జున్నుదా అని అడగడంతోపాటు, పిండిలో వాడిన కొవ్వు ఏదో కూడా అడిగి తెలుసుకోవాలి.

సందర్శన విధానం

నగరాన్ని చూడవలసింది కాలినడకనే. దేశంలోని బస్సులు చాలావరకు నగర ద్వారం వెలుపల, ట్రైటన్ ఫౌంటెన్ పక్కనున్న బస్ స్టేషన్‌కు చేరతాయి. మార్సంషెట్ మీదుగా స్లీమాకు, గ్రాండ్ హార్బర్ మీదుగా మూడు నగరాలకు ఫెర్రీలు తిరుగుతాయి. 'దైసా' అనే రంగుల చెక్క పడవల్లోనూ రేవు దాటవచ్చు. ప్రధాన స్థలాలను ఒక్క రోజులో చుట్టిరావచ్చు గానీ, సహ-కేథడ్రల్‌కు, సెయింట్ ఎల్మోకు సగం పూట చొప్పున కేటాయిస్తే రెండు రోజులు అవసరం. జూలై, ఆగస్టులలో ఎండ తీవ్రం, రాతి గోడలు వేడిని తిరగ్గొడతాయి. ఏప్రిల్, మే, అక్టోబరు నెలలు అనుకూలం. సహ-కేథడ్రల్‌లోకి భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులతో వెళ్లాలి. పర్యాటకుల ఓడలు రేవుకు వచ్చిన రోజు ఉదయం అక్కడ జనం కిక్కిరిసి ఉంటారు.

మాల్టీస్‌తోపాటు ఇంగ్లిషు కూడా అధికార భాష కనుక సమాచారానికి ఇబ్బంది ఉండదు. మాల్టీస్ అరబీ మూలం నుంచి ఎదిగి, లాటిన్ లిపిలో రాసే భాష. మాల్టా 2007 నుంచి షెంగెన్ ప్రాంతంలో భాగం. భారత పౌరులకు షెంగెన్ వీసా అవసరం. కరెన్సీ యూరో.

ప్రాముఖ్యం, చర్చనీయాంశాలు

16వ శతాబ్దపు సైనిక నగర నిర్మాణాన్ని దాదాపు చెక్కుచెదరని హద్దులతో చూపే నగరాలు తక్కువ. అందుకే వాలెట్టా పరిశోధకులకూ సందర్శకులకూ సమానంగా ముఖ్యం. 2018లో ఇది యూరోపియన్ సాంస్కృతిక రాజధానిగా నిలిచింది. ఆ తరువాత పాడుబడిన ఇళ్లు బాగుపడి హోటళ్లయ్యాయి, ఆదాయం పెరిగింది. మరోవైపు, 20వ శతాబ్దం ఆరంభంలో 20 వేలకు పైగా ఉన్న జనాభా నేడు సుమారు 5 వేలకు తగ్గింది. అద్దెలు పెరిగి పాత నివాసులు వెళ్లిపోతున్నారనీ, హోటళ్ల బల్లలు వీధులను ఆక్రమిస్తున్నాయనీ, రాత్రి సంగీతంతో నిద్ర కరువైందనీ మిగిలినవారి ఫిర్యాదు. జనాభా క్షీణత పర్యాటకానికి ఎంతో ముందే, యుద్ధ విధ్వంసంతో, శివారు పట్టణాల ఆకర్షణతో మొదలైనదన్న వాదన కూడా ఉంది, అందులో నిజం లేకపోలేదు. మార్సంషెట్ అవతల స్లీమా వైపు లేస్తున్న ఆకాశహర్మ్యాలు చారిత్రక నగర దృశ్యాన్ని చెడగొడుతున్నాయన్నది మరో విమర్శ.

సమీప స్థలాలు

బిర్గులోని సెయింట్ ఏంజెలో కోట, పాత రాజధాని మ్‌దీనా వాలెట్టాతో కలిపి చూడదగినవి. పౌలా పట్టణంలోని హల్ సఫ్లియెనీ హైపోజియం భూమి లోపల రాతిలో తొలిచిన చరిత్ర పూర్వ యుగపు సమాధి స్థలం. 'నిద్రిస్తున్న స్త్రీ' అనే చిన్న మట్టి బొమ్మ అక్కడే దొరికింది. అది నేడు వాలెట్టాలోని పురావస్తు మ్యూజియంలో ఉంది. సందర్శకుల ఊపిరి తేమకు గోడలు పాడవకుండా హైపోజియంలోకి విడతకు 10 మందిని మాత్రమే అనుమతిస్తారు. టికెట్లు చాలా ముందుగానే అయిపోతాయి కనుక, వాలెట్టా ప్రయాణం తేదీలు ఖరారు కాగానే దీనిని బుక్ చేసుకోవడం మేలు.